కెమెరా కొన్నాం సరే, తీసింది దాచేదెలా?

(కలిదిండిలో జరిగిన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నలభై ఏళ్లు గడిచినా మావాళ్లు వెనక బెంచీ వదల్లేదు, చూస్తున్నారుగా.

కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం 'సాంకేతిక విజ్ఞానం, నేటి యువత'. ఆయన్ను బతిమాలి మార్పించుకున్నాను. రెండు వారాలుగా నాకు వస్తున్న ఫోన్లన్నీ ఒక్క విషయం గురించే. మన సంఘం కొన్న కెమెరా గురించి. మూడు బ్యాచ్‌ల వాళ్లు డబ్బు వేసుకుని బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 6కె ప్రో కొన్నారు. 2021లో వచ్చిన మోడల్. రిటైరైన మన టీచర్లను, ఊళ్లో ఎనభై దాటిన పెద్దలను, కొల్లేటి లంకల్లో పాత రోజులు చూసినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేయాలని సంకల్పం. మంచి సంకల్పం. పేరులో 'పాకెట్' ఉంది గాని మన నిక్కరు జేబుల్లో పట్టేది కాదు, ఆశపడకండి.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. ముందు టీవీ స్టూడియో పరికరాల మరమ్మతు, ఆ తరువాత హైదరాబాదులో సినిమా కెమెరాలు, వాటి డేటా. కాబట్టి మీరు ఫోన్లో అడిగిన ప్రశ్నలకు ఇక్కడ ఒకేసారి జవాబు చెప్పేస్తాను.

ఎక్కువమంది అడిగింది: "బొమ్మంతా బూడిద పూసినట్టుంది, కెమెరా పాడైందా?" పాడవలేదండి. అది 'ఫిల్మ్' అనే మోడ్‌లో ఉంది. నల్లటి నీడల్లో ఏముందో, తెల్లటి వెలుగులో ఏముందో రెండూ పోకుండా పట్టుకోవడానికి రంగుల్ని అలా వెలవెలబోయేలా రాసుకుంటుంది. తరువాత కంప్యూటర్లో డావిన్చి రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌తో రంగు దిద్దాలి. మామూలు పనులకు దాని ఉచిత వెర్షన్ చాలు. రంగు దిద్దే మనిషి లేకపోతే మెనూలో 'ఎక్స్‌టెండెడ్ వీడియో' పెట్టుకోండి, చూడ్డానికి బాగుంటుంది. టీచర్ల ఇంటర్వ్యూలకు నేనదే పెడతాను.

రెండో ప్రశ్న పెళ్లిళ్ల వీడియో తీసే మన తమ్ముడిది. "అన్నయ్యా, ఇది ఫోకస్ తనంతట తాను పట్టుకోవట్లేదేంటి?" పట్టుకోదు నాన్నా. బటన్ నొక్కితే ఒకసారి పట్టుకుని ఊరుకుంటుంది. మనిషి కదిలితే వెంట రాదు. నీ పెళ్లి కెమెరా వేరు, ఇది వేరు. చేత్తో తిప్పుకోవడం అలవాటు చేసుకో. తెర మీద ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే, స్పష్టంగా ఉన్న అంచులు రంగు గీతల్లా మెరుస్తాయి. ముసలాయన కంటి రెప్పల మీద ఆ గీత కనబడాలి. చేతి వణుకును సరిచేసే ఏర్పాటు కూడా దీని బాడీలో లేదు. ట్రైపాడ్ లేకుండా బయల్దేరకండి. దోనెలో నిలబడి తీస్తానంటే మాత్రం కెమెరాకు ఇన్సూరెన్సు, నీకు ఈత, రెండూ ఉన్నాయో లేదో ముందు చూసుకో.

లెన్సుల సంగతి ఎక్కువ చెప్పను. కానన్ ఈఎఫ్ మౌంట్ లెన్సులు దీనికి సరిపోతాయి. కొత్తగా వచ్చే ఆర్ఎఫ్ లెన్సులు పట్టవు. పాత 50 ఎంఎం ఒకటి ఊళ్లో ఏ స్టూడియోలో అడిగినా దొరుకుతుంది, ఇంటర్వ్యూకు అదే చాలు.

ఇప్పుడు కాస్త శ్రద్ధగా వినాల్సింది కరెంటు గురించి. పోయినవారం ఎవరో పంపిన వీడియోలో టీచరుగారి వెనక గోడ మీద నల్లటి పట్టీలు కిందికి పైకి పాకుతున్నాయి. కెమెరాలో లోపం అనుకున్నారు. లోపం లెక్కలో ఉంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సైకిల్స్. ట్యూబులైటుగాని, చవకరకం ఎల్ఈడీ బల్బుగాని ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు, అంటే సెకనుకు వందసార్లు మినుకుమంటుంది. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. సినిమావాళ్లలాగా 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టరు పెట్టారనుకోండి, ఒక్కో ఫ్రేము సెకనులో 48వ వంతు వెలుగు తీసుకుంటుంది. అంత సేపట్లో రెండు మినుకులూ ఇంకొంచెమూ పడతాయి. ఆ 'ఇంకొంచెం' ప్రతి ఫ్రేములోనూ ఒకేలా ఉండదు, అందుకే పట్టీలు. 50వ వంతు పెడితే సరిగ్గా రెండు మినుకులు పడతాయి, గొడవ పోతుంది. దానికి రెండు దారులున్నాయి. 25 ఫ్రేములు పెట్టి షట్టరు 180 డిగ్రీలు ఉంచండి. లేదా 24 ఫ్రేములే కావాలంటే షట్టరు 172.8 డిగ్రీలకు తిప్పండి. మనం తీసేది థియేటర్లో ఆడేది కాదు కనుక 25 పెట్టి మరిచిపోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు 60వ వంతు పెట్టమని చెబుతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, వాళ్ల కరెంటు 60 సైకిల్స్. ఇక్కడికి ఆ సలహా పనికిరాదు.

జనరేటరు మీద తీసేటప్పుడు ఇంకో చిక్కు. లోడు పెరిగితే ఇంజను వేగం తగ్గుతుంది, 50 కాస్తా 48 అవుతుంది, పట్టీలు మళ్లీ మొదలవుతాయి. చెరువు గట్టు మీద రాత్రిపూట తీయాలంటే బ్యాటరీతో వెలిగే మంచి వీడియో లైటు తీసుకెళ్లండి.

వెలుగు తక్కువైతే ఐఎస్ఓ పెంచుతారు. ఈ కెమెరాకు అందులో ఒక విచిత్రం ఉంది. దీనికి రెండు సహజ స్థాయిలున్నాయి, 400 ఒకటి, 3200 ఒకటి. వెయ్యి దాకా మొదటిదాని మీద నడుస్తుంది, 1250 నుంచి రెండోదానికి మారుతుంది. అందుకని 1000 దగ్గర కంటే 1250 దగ్గరే గింజలు తక్కువ. సంధ్యవేళ వసారాలో తీసేటప్పుడు 800, 1000 అంటూ తచ్చాడకుండా ఒక్కసారిగా 1250కి వెళ్లండి.

ఇక మధ్యాహ్నం ఎండ. పాత ఫొటోగ్రాఫర్లకు తెలిసిన సూత్రమే, నడినెత్తిన ఎండలో ఎఫ్16 పెడితే షట్టరు ఐఎస్ఓ ఎంతో అంతవ వంతు. ఐఎస్ఓ 400 అయితే 400వ వంతు. మనం 50వ వంతు దగ్గర ఇరుక్కుపోయాం కాబట్టి మూడు స్టాపులు ఎక్కువ వెలుగు పడుతుంది. పైగా ఎఫ్16 కాదు, వెనక దృశ్యం కాస్త మసకబారాలంటే ఎఫ్5.6 కావాలి, దానికి ఇంకో మూడు. మొత్తం ఆరు. ఈ కెమెరా లోపలే రెండు, నాలుగు, ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్లున్నాయి. ఆరుది నొక్కితే లెక్క సరిపోయింది. ఎన్‌డీ అంటే కెమెరాకు పెట్టే నల్లకళ్లద్దాలే. కొల్లేట్లో మాత్రం తెల్ల కొంగ, నల్లటి నీళ్లు పక్కపక్కనే ఉంటాయి. నీళ్లను చూసి వెలుగు పెడితే కొంగ సున్నం పూసిన ముద్దలా అయిపోతుంది, తరువాత ఎవరూ బాగుచేయలేరు. కొంగను చూసి పెట్టండి. ఆటపాకలో గూడబాతులను తీయాలనుకునేవాళ్లు ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, అది అభయారణ్యం. డ్రోను సంగతి అసలు ఎత్తొద్దు.

ఒకరు అడిగారు, "బ్యాటరీ గంట కూడా రావట్లేదు, ట్రాక్టరు బ్యాటరీ తగిలించొచ్చా బావా?" అని. దీనికి 12 వోల్టుల ఇన్‌పుట్ ఉన్న మాట నిజమే. కాని ఇంజను స్టార్టు చేసినప్పుడు వోల్టేజీ ఎగిరిపడుతుంది. మూడు బ్యాచ్‌ల డబ్బు ఒక్క కిక్కుతో పోతుంది. రెండు అదనపు బ్యాటరీలు కొనుక్కో బావా.

ఏసీ కారులోంచి దిగి నేరుగా చెరువు గట్టు మీదకు కెమెరా తీయకండి. మన గాలిలో ఉన్న తేమకు లెన్సు మీద ఆవిరి పడుతుంది, తుడిస్తే గీతలు పడతాయి. సంచిలోనే అరగంట ఉంచి అప్పుడు తీయండి. ఇంటికొచ్చాక పొడి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టండి. రొయ్యల చెరువుల మీంచి వచ్చే గాలి ఇనపకిటికీలను ఏం చేస్తుందో మనకు తెలియనిది కాదు.

శబ్దం గురించి ఒక్కరూ అడగలేదు. అదే నా బాధ. బొమ్మ కాస్త అటూ ఇటూ అయినా మనిషి చెప్పింది వినబడితే ఆ వీడియో బతుకుతుంది. బొమ్మ అద్భుతంగా ఉండి మాట వినబడకపోతే దాన్నెవరూ రెండోసారి చూడరు. మన ఊళ్లో ఇప్పుడు రాత్రీపగలూ ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. మన చెవి దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేసింది. కెమెరా మైకు మానదు. కెమెరాకు చిన్న ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు రెండున్నాయి. చొక్కాకు పెట్టే మైకు ఒకటి కొనండి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక మనిషి పక్కన కూర్చోండి. ఆ మనిషి పని వినడమే. ఫ్యాను ఆపండి. పెద్దవాళ్లకు ఉక్కపోస్తే పది నిమిషాలకోసారి వేసి ఆపండి, వాళ్లేం అనుకోరు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను.

ఫిల్ము రోజుల్లో నాలుగు వందల అడుగుల రీలు నాలుగున్నర నిమిషాలు కూడా వచ్చేది కాదు, వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. ప్రతి అడుక్కీ డబ్బు. అందుకని తీసిన ప్రతి రీలుకూ డబ్బా మీద పేరు, నెంబరు, రిజిస్టరు. 'బాహుబలి'ని సెంథిల్ కుమార్ గారు ఆరి అలెక్సా ఎక్స్‌టి మీద తీశారు. అలాంటి పెద్ద సినిమాల్లో రీలు పోయి డిస్కు వచ్చింది గాని రిజిస్టరు పోలేదు, దాన్ని చూసుకోవడానికి జీతమిచ్చి మనిషిని పెడతారు. మన దగ్గర ఆ మనిషి లేడు. తీసేవాళ్లు పదిమంది, దాచేవాడు ఒక్కడూ లేడు.

మన దగ్గరి మనిషి ఉదాహరణే చెబుతాను. ఎల్.వి. ప్రసాద్ గారిది ఏలూరు దగ్గర సోమవరప్పాడు. మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా', 1931లోనే వచ్చిన తమిళ 'కాళిదాస్', 1932లో మన 'భక్త ప్రహ్లాద', మూడింటిలోనూ ఆయన కనిపించారు. ఇవాళ 'ఆలం ఆరా' ప్రింటు ఒక్కటీ లేదు. అందులో మన జిల్లా కుర్రాడు ఎలా నడిచాడో, ఎలా మాట్లాడాడో చూసే అవకాశం ఎవరికీ లేదు.

అంత పెద్దవాళ్ల సంగతి అలా ఉంచి నా సంగతి చెబుతాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

2010 సంక్రాంతికి నేను పని దగ్గర్నుంచి ఒక మంచి కెమెరా తెచ్చాను. మా లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చోబెట్టి రెండు గంటలు రికార్డు చేశాను. 1980లలో చదివినవాళ్లకు ఆయన ఎవరో చెప్పక్కర్లేదు. చేపల చెరువులు రాకముందు వానాకాలంలో లంకల పిల్లలు బడికి దోనెల మీద ఎలా వచ్చేవారో చెప్పారు. తడిసిన పలకలు ఆరబెట్టుకోవడం గురించి చెప్పారు. 1977 నవంబరు గాలివాన రాత్రి ఏ ఇంట్లో ఎవరెవరు తలదాచుకున్నారో పేరుపేరునా చెప్పారు. ఆ రాత్రి కార్డులోంచి ఒక హార్డ్‌డిస్కులోకి ఎక్కించాను. మర్నాడు కనుమ, కోడిపందేలు తీయాలని కార్డు ఖాళీ చేసేశాను. హైదరాబాదు వెళ్లాక డిస్కు తిరగలేదు. బాగుచేసేవాళ్ల దగ్గర డబ్బు పోస్తే కొన్ని ముక్కలు దొరికాయి. వాటిలో బొమ్మ ఉంది, గొంతు లేదు.

మళ్లీ వెళ్లి తీద్దామనుకున్నాను. పనులు. మరుసటి ఏడాది మాస్టారు పోయారు. పెద్దకర్మ రోజు వాళ్లబ్బాయి నన్ను పక్కకు పిలిచి, "అన్నయ్యా, ఆ రోజు తీసిన వీడియో ఉంటే ఇస్తారా, అమ్మ ఒకసారి చూస్తానంటోంది" అన్నాడు. చూస్తానన్నాను. ఇప్పటిదాకా చూస్తూనే ఉన్నాను. ఆ తమ్ముడు ఈ సభలో ఉన్నాడు. తమ్ముడూ, ఆ వీడియో లేదు. నా అశ్రద్ధ వల్లే పోయింది. తప్పు డిస్కుది కాదు.

మాస్టారు లెక్క చేసినంత మాత్రాన మార్కు వేసేవారు కాదు, గుర్తుందా? "సరిచూశావా?" అని అడిగేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఆ ఒక్క పనినే ఆయన దగ్గరే చేయలేదు.

కాబట్టి మన కెమెరాకు నా పద్ధతి ఇది. ముందు ఎంత తీస్తున్నామో లెక్క వేద్దాం. 6కె అంటే ఒక్క ఫ్రేములో 6144 ఇంటూ 3456, అంటే రెండు కోట్ల పన్నెండు లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు 12 బిట్లు, ఫ్రేముకు దాదాపు 32 మెగాబైట్లు. సెకనుకు 25 ఫ్రేములు. ఎనిమిదో వంతుకు కుదించినా సెకనుకు సుమారు 100 మెగాబైట్లు, గంటకు 360 జీబీ. ఒక టెరాబైట్ డిస్కు మూడు గంటలు కూడా రాదు. ఇరవైమంది పెద్దల చేత తలా రెండు గంటలు మాట్లాడిస్తే, మూడు కాపీలు పెట్టడానికి మన దగ్గర డబ్బు లేదు. అప్పుడు ఏమవుతుందో తెలుసా? ఒకే కాపీ పెడతాం. అందుకని ఇంటర్వ్యూలు హెచ్‌డీలో, ప్రోరెస్ 422లో తీయండి. గంటకు 55 జీబీ. అదే టెరాబైట్ డిస్కులో 18 గంటలు పడుతుంది. "6కె కెమెరా కొని హెచ్‌డీ తీయడమేంటి?" అని కొందరికి కోపం వస్తుంది. పక్షులకూ, జాతరకూ, కొల్లేటి సూర్యాస్తమయానికీ 6కె వాడండి. మాట్లాడే మనిషికి మూడు కాపీలు ముఖ్యం.

రికార్డింగ్ యూఎస్‌బీ-సీ ఎస్ఎస్‌డీ మీద చేస్తాం కదా. ఆ వైరు ఊడకుండా బిగించే క్లాంపు తప్పక కొనండి. రికార్డవుతుండగా వైరు ఊడితే ఆ ఫైలు దక్కుతుందన్న నమ్మకం లేదు. రికార్డు మొదలుపెట్టగానే కెమెరా ముందు ఒకరు పైకి చెప్పండి: ఎవరు మాట్లాడుతున్నారు, ఏ ఊరు, ఏ తేదీ. ఫైలు పేరు చెరిగిపోయినా గొంతు ఉంటుంది. వాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోండి.

సాయంత్రం ఇంటికొచ్చాక రిజాల్వ్‌లో క్లోన్ టూల్ ఉంది, దానితో రెండు డిస్కుల్లోకి ఎక్కించండి. మామూలుగా కాపీ, పేస్టు వద్దు. ఈ టూలు ఫైలంతా చదివి ఒక సంఖ్య తేలుస్తుంది, కాపీని చదివి ఇంకో సంఖ్య తేలుస్తుంది, రెండూ ఒకటైతేనే సరి అంటుంది. మాస్టారి సరిచూడటమే అది. ఆ తరువాత ఏదో ఒక ఫైలు మధ్యలో తెరిచి, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక నిమిషం వినండి. మూడో డిస్కులోకి కూడా చేరేదాకా ఎస్ఎస్‌డీని ఖాళీ చేయొద్దు. ఒక డిస్కు ఇక్కడ బడిలో, రెండోది కైకలూరులో, మూడోది హైదరాబాదులో మా ఇంట్లో. ఒకచోట వరదొచ్చినా మిగతావి ఉంటాయి. నెట్‌లో ఎక్కించి దాచొచ్చు కదా అని కుర్రాళ్లు అడుగుతారు. అప్‌లోడు వేగం 20 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే 55 జీబీకి ఆరు గంటలు. నాలుగో కాపీగా చేసుకోండి, వద్దనను.

మన ఊరి పేరుతో రాజరాజ నరేంద్రుడి తామ్ర శాసనం ఉంది. యుద్ధంలో పోయిన ముగ్గురు చోళ సేనానుల జ్ఞాపకార్థం ఇక్కడ శివాలయాలు కట్టించినట్టు అందులో ఉంది. పదకొండో శతాబ్దం నాటి రాగిరేకులు, ఇప్పటికీ చదవగలుగుతున్నాం. మన హార్డ్‌డిస్కును ఐదేళ్లకు మించి నేను నమ్మను. కాబట్టి ఏటా ఈ కలయిక రోజున మూడు డిస్కులూ తెచ్చి, తెరిచి, సరిచూసి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఐదేళ్లకోసారి కొత్త డిస్కుల్లోకి మార్చాలి. ఆ రిజిస్టరు నేను కొనుక్కొచ్చాను, కార్యదర్శి గారి దగ్గర ఉంది. మొదటి పేజీలో ఇంకా ఏమీ రాయలేదు.

రేపు ఉదయం ఆరున్నరకు, ఏరియేటర్ల మోత ఎలాగూ తగ్గదు గాని కనీసం ఎండ రాకముందు, మొదటి రికార్డింగ్ మాస్టారి ఇంట్లోనే. అమ్మగారు మాట్లాడతానన్నారు. దోనెల సంగతి ఆవిడకూ తెలుసట. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడానికి ఒక మనిషి కావాలి, డిస్కులు ఎక్కించడానికి ఇంకొకరు. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి. సెలవు.